సలమాంకా గోడమీద కప్ప

నా కళ్ళంటే నాకు మహా పొగరు. ఆ సంగతి ముందే చెప్పేస్తే నయం. ఖమ్మంలో ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో కాయల నాణ్యత చూసే ఉద్యోగం నాది. ఇరవై ఏళ్ళు దాటింది చేరి. బస్తా విప్పి గోనెపట్టా మీద కుప్ప పోస్తే చాలు, అంత ఎరుపులో రంగుపోయి తెల్లబడిన కాయ ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాను. అలాంటి కాయను మావాళ్ళు తాలు అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు మిషన్ పెట్టి చూసి చెప్పేలోపు నేను టీ తాగి వచ్చేస్తాను. "మేడమ్‌వి కండ్లు కావు, డేగ కండ్లు" అని హమాలీలు అంటుంటే పైకి కసురుకునేదాన్ని. లోపల మాత్రం నోట్లో లడ్డు పెట్టినట్టే ఉండేది.

ఆ పొగరుతోనే ఇంట్లో ఒక మాటను అరగదీశాను. "కండ్లు పెట్టి వెతికితే దొరకనిదేముంటది?" దువ్వెన కనపడకపోయినా అదే మాట, బండి తాళం కనపడకపోయినా అదే మాట. చివరికి మా అమ్మాయి గ్రూప్స్ పరీక్ష తప్పిన రోజు కూడా అదే మాట.

మా ఇంట్లో ఉండేది ఇద్దరమే, నేనూ అమ్మాయీ. వాళ్ళ నాన్న పోయి ఆరేళ్ళయింది. మా సొంతూరు జూలూరుపాడు దగ్గర. ఇప్పుడు ఖమ్మంలో ఒక మేడ మీద రెండు గదుల కిరాయి ఇల్లు. అమ్మాయి డిగ్రీ అయ్యాక కోచింగ్‌లో చేరి ఆ పరీక్ష రెండుసార్లు రాసింది. రెండోసారి తప్పకుండా వస్తుందని నేను ఆఫీసులో అందరికీ చెప్పి పెట్టాను. ఎవరు చెప్పమన్నారు నన్ను? ఎవరూ చెప్పమనలేదు. నా నోరు ఊరుకోదు.

రిజల్ట్స్ మధ్యాహ్నం వచ్చాయి. అమ్మాయి ఫోన్ ఎత్తలేదు. హాల్‌టికెట్ నంబరు చూసి పెట్టుకున్నాను కాబట్టి లిస్టులో లేదని నాకూ తెలుసు. రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చింది. చెప్పులు విప్పకముందే అడిగాను.

"గిప్పటిదాక ఎక్కడ తిరిగినవ్?"

"బస్టాండ్‌ల కూసున్న."

"బస్టాండ్‌ల నీకేం పని?"

తను గోడకు ఆనుకుని నిలబడింది. బ్యాగు భుజానికే ఉంది. అక్కడితో ఆగితే మనిషిని. ఆగలేదు. కండ్లు పెట్టి చదివితే రాకుండా ఎటు పోతది, నీకు మనసు లేదు, గంతే అన్నాను. ఆ పిల్ల తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపుకు నాకు ఇంకా ఒళ్ళు మండింది. "మీ నాయన ఉంటే సిగ్గుతోటి తల దించుకునేటోడు" అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ నాకు చిన్నప్పుడే వెయ్యిసార్లు చెప్పింది. వింటే కదా! ఆ రాత్రి అన్నం గిన్నె మూత తీసినవాళ్ళు లేరు. మర్నాటి నుంచి అమ్మాయి నాతో మాట్లాడటం మానేయలేదు, అదే అయితే కొట్లాడి ఏడ్చి ఏదో ఒకటి తేల్చుకునేవాళ్ళం. "ఊ" అనేది. "అవ్" అనేది. "తిన్న" అనేది. మూడు నెలలు ఆ మూడు ముక్కలతో ఇల్లు నడిచింది. ఒక్కోరోజు ఆఫీసు నుంచి వచ్చి గేటు దగ్గర స్కూటీ ఆపి, పైన లైటు వెలుగుతుంటే చూస్తూ కాసేపు కింద నిలబడేదాన్ని. లోపల మనిషి ఉన్న ఇంటికి వెళ్ళడానికి అంత దిగులు ఎందుకో అర్థమయ్యేది కాదు. తప్పు నాదే అని తెలుసు. చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. అక్కర్లేని చోట గడగడా వాగే నోరు అక్కడ మూగబోయింది.

అలాంటప్పుడు స్పెయిన్ ప్రయాణం వచ్చి పడింది. అక్కడి నుంచి మా దగ్గర మిర్చి కొనే ఒక మిల్లువాళ్ళు, సరుకు నాణ్యత మాట్లాడటానికి ఎవరినైనా పంపమన్నారు. మా మేనేజరు వెళ్ళాల్సింది, ఆయనకు కాలు విరిగింది. నేనా! భద్రాచలం అవతల అడవి ఊళ్ళలో తోటలు చూడటానికి వెళ్ళడమే నాకు దూర ప్రయాణం. వెళ్ళనని చెప్పబోయి, మూడు ముక్కల ఇల్లు గుర్తొచ్చి సరేనన్నాను.

మిల్లు ఉన్న పల్లెలో మిర్చిని ఎండలో కాదు, పొగలో ఆరబెడతారు. కింద కట్టెలు రాజేసి, పైన అటక మీద కాయలు పరిచి, రోజూ ఎక్కి తిరగేస్తారు. నా చీరలన్నీ ఆ పొగ వాసన పట్టాయి. వారం రోజులు పని సరిపోయింది. ఆదివారం సెలవు. దగ్గరలో సలమాంకా అని పాత యూనివర్సిటీ ఊరు ఉంది, చూసి రమ్మని మిల్లువాళ్ళు పొద్దున బస్సు టికెట్టు, సాయంత్రం ఐదింటి తిరుగు టికెట్టు చేతిలో పెట్టారు. ఆ సంగతి అమ్మాయికి మెసేజ్ పెట్టాను. "ఊ" వస్తుందనుకున్నాను. శనివారం పడుకోబోతుంటే జవాబు మెసేజ్ వచ్చింది.

"అమ్మా, ఆ యూనివర్సిటీ గోడ మీద ఒక కప్ప బొమ్మ ఉంటదట. ఎవ్వరు చూపియ్యకుండ దొరికితే పరీక్ష పాసైతరట. వీడియోల చూసిన. నా కోసం వెతుకుతవా? షాపుల్ల బొమ్మలు గిట్ల చూడకు, జాగ తెలిసిపోతది. నీ కండ్లు మంచిగుంటయ్ కదా."

మూడు నెలల తర్వాత నా కూతురు నాతో ఆడిన నిండు మాట అది. మంచం మీద కూర్చుని ఎన్నిసార్లు చదివానో. చివరి వాక్యం ఎత్తిపొడుపో, నమ్మకమో ఎంత చదివినా తేలలేదు. ఏదైతేనేం, అడిగింది కదా! రెండు నెలల్లో మూడోసారి పరీక్ష ఉంది. కప్పతో పరీక్ష పాసవుతారని నేను నమ్మలేదు. కానీ ఆ కప్పను పట్టుకుని చూపిస్తే, మేం మళ్ళీ మాట్లాడుకుంటాం అని మాత్రం గట్టిగా నమ్మాను. "చూడు మరి" అని జవాబు పెట్టాను. అందులోనూ పొగరే.

సలమాంకా అంతా ఒకే రాయి. బాగా మరిగిన నెయ్యి రంగు రాయి. ఇళ్ళు, చర్చిలు, దుకాణాలు, పెద్ద చౌకు చుట్టూ వరండాలు, అన్నీ అదే రంగు. చర్చి గోపురాల మీద కొంగలు కట్టిన గూళ్ళు ఉన్నాయి. దుకాణాల్లో పంది తొడలు వరసగా వేలాడదీశారు. ఆదివారం కాబట్టి కుటుంబాలు కుటుంబాలుగా తిరుగుతున్నారు. ముసలి దంపతులు చేతులు పట్టుకుని నడుస్తున్నారు. చీర మీద స్వెట్టరు, కాళ్ళకు బూట్లు వేసుకుని, హ్యాండ్‌బ్యాగులో మామిడికాయ తొక్కు సీసాతో నేనొక్కదాన్నే వింతగా ఉన్నాను. ఎవరూ నన్ను కన్నెత్తి చూడలేదు. చూస్తే కోపం వచ్చేది, చూడకపోతే ఏడుపొచ్చింది. నది మీద పాత వంతెన ఉందని, చూడాల్సినవి ఇంకా చాలా ఉన్నాయని మిల్లువాళ్ళు కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం బ్యాగులోంచి బయటికి తీయనేలేదు. దారిలో ప్రతి దుకాణం ముందు కప్ప బొమ్మలు వేలాడుతుంటే తల దించుకుని, పిల్లి పాలు తాగినట్టు కళ్ళు మూసుకుంటూ గోడ దగ్గరికి చేరాను.

గోడ అంటే మామూలు గోడనా తల్లీ! రెండు తలుపుల మీద మూడంతస్తుల ఎత్తున సందు లేకుండా చెక్కారు. తీగలు, ఆకులు, రెక్కల జంతువులు, రాజుల తలలు, పిట్టలు, గోరంత జాగా కూడా వదల్లేదు. కింద ఒక వంద మంది తలలెత్తి నిలబడ్డారు. ఒక గైడు చేతిలో పచ్చ లైటు పట్టుకుని గోడ మీద చూపించబోయాడు. గబుక్కున వెనక్కి తిరిగాను. ప్రపంచమంతా వచ్చి చూసే గోడకు వీపు పెట్టి నిలబడ్డ మనిషిని ఆ రోజు వాళ్ళు నన్నే చూసి ఉంటారు. "ఆఁ" అని అందరూ ఒకేసారి అన్నారు. వాళ్ళకు దొరికింది. వాళ్ళు కదిలాకే ఇటు తిరిగాను.

మొదట గోడ అడుగునే వెతికాను. కప్ప అంటే నీళ్ళ దగ్గర కదా ఉండాలి! మా ఊళ్ళో వానలు పడక పత్తి గింజ మొలవకపోతే, పిల్లలం కప్పను తడిబట్టలో చుట్టి, వేపమండలతో రోకలికి కట్టి ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. కప్పతల్లి ఆట అంటారు. ప్రతి ఇంటి ఇల్లాలూ బిందెడు నీళ్ళు కప్ప మీద పోసేది. రోకలి ఒక కొస నా భుజం మీదే ఉండేది. అంచేత కప్పను చెక్కినవాడు వాన నీళ్ళు జారే చోట, కాళ్ళు చాపిన కప్పనే చెక్కి ఉంటాడని నేను ఒట్టు పెట్టుకున్నట్టు నమ్మి, ముప్పావుగంట ఆ కింది రాళ్ళు చూశాను. లేదు.

సరే, మన పద్ధతిలోనే చూద్దాం అనుకున్నాను. మిర్చి కుప్పను మనసులోనే చిన్న చిన్న మడులుగా విడదీసుకుంటాను నేను. ఒక మడి అయ్యాకే ఇంకోటి. గోడను కూడా అలాగే విడదీసి, ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి చూసుకుంటూ పోయాను. గంట గడిచింది. ఎండ జరిగింది. అప్పటికి గానీ నా బుర్రకు తట్టలేదు. ఇరవై ఏళ్ళుగా నేను వెతుకుతున్నది కాయను కాదు, వేరే రంగును. ఎరుపులో తెలుపు కాబట్టే తాలు దొరికేది. ఇక్కడ కప్పా అదే రాయి, ఆకూ అదే రాయి, రాజు ముక్కూ అదే రాయి. నా డేగ కళ్ళకు రంగు తప్ప ఆకారం పట్టుకోవడం రాదని ఆ గోడ ముందు తెలిసింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

కుడివైపు స్తంభం మీద పుర్రెలు కూడా చెక్కారు. అవి కంటపడగానే చూపు తిప్పేసుకున్నాను. బిడ్డ పరీక్ష పని మీద వచ్చి పుర్రె మొహం చూస్తానా? అసలే మొగుడు పోయినదాన్నని పెళ్ళిళ్ళలో పసుపు దంచేచోట నన్ను పక్కన కూర్చోబెడతారు. అమ్మాయి మొదటిసారి పరీక్షకు బయల్దేరిన పొద్దున మా ఆడబిడ్డ ఇంట్లోనే ఉంది. "నువ్వు ఎదురు రాకు వదినా, ఏమనుకోకు" అంది. ఏమనుకోకుండానే వంటింట్లో నిలబడ్డాను. అమ్మాయి వెళ్తున్న చప్పుడు విన్నాను గానీ మొహం చూడలేదు. ఇవన్నీ నేను నమ్మను. నలుగురిలో గట్టిగానే వాదిస్తాను. కానీ బిడ్డ సంగతికొచ్చేసరికి ఎందుకైనా మంచిదని ప్రాణం పీకుతుంది. అందుకే ఆ పుర్రెలున్న చోటు వదిలేసి, మిగతా గోడంతా మళ్ళీ మొదటినుంచి చూశాను.

అక్కడ అరుగు మీద కూర్చున్న ఒక ముసలావిడ చాలాసేపటి నుంచి నన్ను గమనిస్తున్నట్టుంది. లేచి వచ్చి, చెయ్యి పైకెత్తి చూపించబోయింది. "నో, నో!" అని ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కిందికి దించేశాను. పరాయి దేశంలో పరాయి ముసలావిడ చెయ్యి అలా పట్టుకోవచ్చా? ఆవిడ మాత్రం నవ్వేసింది. ఫోన్‌లో మా అమ్మాయి ఫొటో చూపించి, రాస్తున్నట్టు సైగ చేశాను. అర్థమైనట్టుంది, తన పెదాల మీద వేలు పెట్టుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కాల్చిన గింజల పొట్లం నా ముందుకు జరిపింది. చిలగడదుంప రుచి. ఆవిడ ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు లేదు, ఇంటికి వెళ్ళే తొందరలోనూ లేదు. ఒక్కతే అని నాకు తెలిసిపోయింది. కాసేపటికి ఆవిడ నా భుజం తట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ అరుగు ఇంకా పెద్దదైనట్టు అనిపించింది.

నాలుగింటికి, నాలుగైదేళ్ళ పసిపిల్ల ఒకతె వాళ్ళ నాన్న మెడ మీద కూర్చుని వచ్చింది. రెండు నిమిషాలు కూడా కాలేదు, కేరింతలు కొట్టి చప్పట్లు చరిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ పిల్లకు చప్పట్లు కొట్టారు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ పసిదాని మీద నాకు కుళ్ళు పుట్టింది.

మూడు గంటలు దాటింది నేను అక్కడ నిలబడి. మెడ పట్టేసింది. ఒకడు నా ఎదురుగా వచ్చి, నువ్వు మనసుపెట్టి చూడలేదు, అందుకే దొరకలేదు అని ఉంటే వాణ్ణి అక్కడే కొట్టేదాన్ని. ఆ ఆలోచన రాగానే వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. ఆ మాట నేను ఎవరితో అన్నానో నాకు గుర్తుంది కదా.

ఎలా నడిచానో బస్టాండ్‌కు వచ్చాను. దారిలో ఒక దుకాణంలో ఏదో కప్ప బొమ్మ కొనేసి, దొరికిందని చెప్పేస్తే ఎవరికి తెలుస్తుంది అని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ పిల్ల రెండుసార్లు తప్పింది గానీ, పాసయ్యానని నాతో ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. బొమ్మ కొనలేదు.

ఐదింటి బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. అందరూ ఎక్కారు. డ్రైవరు నా వైపు చూశాడు. నేను లేవలేదు. ఏం, కాళ్ళు లేవా? ఉన్నాయి. ఎక్కితే గదికి వెళ్ళాలి, వెళ్తే దొరకలేదని మెసేజ్ పెట్టాలి, పెడితే మళ్ళీ "ఊ" వస్తుంది. ఎక్కకపోతే ఇంకా ఏమీ కాలేదు. బస్సు వెళ్ళిపోయింది. ఆ తర్వాతి బస్సు ఏడింటికి. ఆ కుర్చీలో కూర్చుని వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూశాను. ఆరు దాటాక ఫోన్ చేశాను. ఖమ్మంలో అప్పుడు రాత్రి భోజనాల వేళ. మూడో రింగుకు ఎత్తింది.

"దొరకలే బిడ్డా" అన్నాను. హలో కూడా అనలేదు. "మూడు గంటలు చూసిన. దేవుని మీద ఒట్టు, కండ్లు పెట్టే చూసిన. దొరకలే."

అటువైపు ఫ్యాను తిరుగుతున్న శబ్దం వినిపించింది.

"పుర్రెల మీద చూసినవా?" అంది.

"పుర్రెల మీదనా? ఛీ! నీ పరీక్ష పని మీద పోయి పుర్రెల దిక్కు చూస్తనా? అవి కనపడంగనే మొహం తిప్పుకున్న."

"అమ్మా... కప్ప పుర్రె మీదనే ఉంటది."

గోడంతా వెతికి, ఉన్న ఒక్క చోటూ వదిలేశాను. అమ్మాయి నవ్వింది. చిన్న నవ్వే, ఆపుకోలేక వచ్చిన నవ్వు. మూడు నెలల తర్వాత విన్నాను. నాకూ నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపు వచ్చింది.

"అందరికి దొరికిందా?" అని అడిగింది.

"అందరికి దొరికింది. గింతంత పిల్లకు కూడా దొరికింది."

"రూముకొచ్చినవా? తిన్నవా?"

"లేదు. బస్టాండ్‌ల కూసున్న."

"ఐదింటి బస్సు కదా?"

"పోయింది."

"బస్టాండ్‌ల నీకేం పనమ్మా?"

మెల్లగా అడిగింది. నా మాటను నాకు తిప్పికొట్టాలని అడగలేదు, గొంతులో తెలుస్తూనే ఉంది. కానీ అది నా మాటే. చెప్పులు విప్పకముందు, బ్యాగు భుజానికి ఉండగా నేను అడిగిన మాట.

"ఏం పని లేదు బిడ్డా. పోబుద్ధి కాలే."

"అవ్" అంది.

ఆ "అవ్" మూడు నెలలు విన్న "అవ్" కాదు. అక్కడితో ఆగలేదు, ఆ ఒక్కసారైనా నా నోరు ఆగకపోవడమే మంచిదైంది.

"మీ నాయన తల దించుకునేటోడు కాదు. అబద్ధం చెప్పిన. ఆయన ఉంటే బస్టాండ్‌కొచ్చి నీ పక్కన కూసునేటోడు. నేను రాలే. నన్ను క్షమించు బిడ్డా."

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు.

"మళ్ళ బస్సు ఎప్పుడు?"

"ఏడింటికి."

"ఫోన్ పెట్టకు. వచ్చేదాక కూసుంట."

బస్సు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అప్పటిదాకా ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు.